చేపల లారీ శుభ్రం

భీమవరం, ఆకివీడు చెరువుల్లో పట్టిన చేపలు హౌరా దాకా పోతాయి. దారి 1,000 కిలోమీటర్ల పైమాటే. చేపలకు ఐసు వేసి, ట్రేల్లో సర్ది లారీకి ఎత్తుతారు. దిగేదాకా డ్రైవరుకు క్యాబినే ఇల్లు. తిండీ నిద్రా అందులోనే.

అందుకని ముందు క్యాబిన్ ఊడవాలి. కాళ్ల దగ్గర నీళ్ల సీసా ఉండకూడదు. అది దొర్లి బ్రేకు కిందికి పోతే బ్రేకు పడదు. ఎన్ని ప్రాణాలు పోతాయో! సీసాను సంచిలో పెట్టి కట్టాలి. ముందు అద్దానికి దండలు, బొమ్మలు ఎక్కువ కట్టకూడదు. ముచ్చటగానే ఉంటాయి. కాని ఎదుటి మనిషి కనబడడు.

చేపలు దించాక బాడీ కడగాలి. పొలుసు, జిగురు బ్రష్షుతో తోమాలి. బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగితే, మళ్లీ మామూలు నీళ్లు కొట్టాలి. లేకపోతే ఇనుము తుప్పు పడుతుంది. వెనక ఎర్ర దీపాలు కూడా తుడవాలి. వాటికి బురద పడితే, రాత్రి వెనక వచ్చే బండికి లారీ కనబడదు.

మరి లారీ ఎక్కడ కడగాలి? కొందరు కాలవలోకి దింపేస్తారు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర ఆపిన గోదావరి నీళ్లే డెల్టా కాలవల్లో పారతాయి. ఊరి మంచినీళ్ల చెరువు నిండేది వాటితోనే. వేసవిలో కాలవ కట్టేస్తే ఆ చెరువే దిక్కు. లారీ ఆయిలూ చేపల మురుగూ ఆ నీళ్లలో కలవవచ్చునా?

వాటర్ సర్వీసింగులో కడిగించాలి. డబ్బులవుతాయి, నిజమే. రేవులో లారీ కనబడితే ఒక్కరు అడిగితే వినకపోవచ్చు. నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్లాలి. "అన్నయ్యా, ఇక్కడ బిందెలు ముంచుతాం. లారీ పైకి తీయండి" అని అడగాలి.