ఛాతీ నొప్పి ఒక్కటే అడగకు

చిరంజీవి అమ్ములుకి,

క్యాజువాలిటీలో పోస్టింగ్ పడిందనీ, ఆడవాళ్ళ గుండెపోటు వేరేగా ఉంటుందని క్లాసులో చెప్పారనీ, అదెలా పోల్చుకోవాలో తెలియడం లేదనీ రాశావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఒక అపోహ తీసేస్తాను. ఆడవాళ్ళకి గుండెపోటులో ఛాతీ నొప్పి రాదని ఈమధ్య అందరూ అనేస్తున్నారు. అది తప్పు. ఆడయినా మగయినా ఎక్కువమందిలో కనిపించేది ఛాతీలో బాధే. కాకపోతే ఆడవాళ్ళలో దానికి తోడు ఇంకొన్ని తరచుగా వస్తాయి. ఆయాసం, వాంతి, దవడ లాగడం, రెండు రెక్కల మధ్య వీపులో పోటు, నాలుగు రోజులుగా వదలని నీరసం. ఇన్ని చెప్పేసరికి వినేవాళ్ళు తమకి తేలికైనది పట్టుకుంటారు. వాంతి అందా, గ్యాస్‌కి ఇంజెక్షన్. నీరసం అందా, రక్తం తక్కువ. దడ అందా, టెన్షన్. మగాడు ఛాతీ మీద చెయ్యేసుకుని వస్తే మాత్రం స్ట్రెచర్ పరుగెడుతుంది.

పైగా మన ఆడవాళ్ళని "నొప్పి ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. "బరువుగా ఉందమ్మా", "పట్టేసినట్టుంది", "ఊపిరి సలపట్లేదు" అంటారు. కాబట్టి ఛాతీలోగానీ, దవడలోగానీ, వీపులోగానీ ఏమైనా తేడాగా ఉందా అని అడుగు. బిందె ఎత్తితే ఎక్కువవుతోందా, కూర్చుంటే తగ్గుతోందా అని అడుగు. పక్కనున్న కొడుకు జవాబు చెప్పేస్తుంటే అతన్ని ఓపీ చీటీ రాయించుకు రమ్మని పంపు. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. పొద్దుటి నుంచీ ఉందనీ, వంటయ్యాక వద్దామనుకున్నాననీ చెబుతుంది.

అనుమానం వస్తే పది నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరు చేతిలో పెట్టాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, జాగ్రత్తగా చదువు. నాలుగో ఛాతీ లీడు, అదే వీ4, అయిదో పక్కటెముకల సందులో, మెడ ఎముక మధ్య నుంచి కిందికి గీసిన గీత మీద పడాలి. ఆడవాళ్ళకి అది రొమ్ము కిందికి వస్తుంది. సిగ్గుకొద్దీ ఆవిడ జాకెట్టు తియ్యదు, మొహమాటంకొద్దీ మనం అడగం. లీళ్ళు పైన ఎక్కడో అతికించేస్తాం. కాగితం మీద ఎప్పుడో గుండెపోటు వచ్చిపోయినట్టు లేని జబ్బు కనబడొచ్చు, ఉన్న జబ్బు దాక్కోవచ్చు. తెర లాగు, పైన దుప్పటి కప్పు, ఎందుకో ఒక్కమాటలో చెప్పు, రొమ్ముని చేతి వెనకవైపుతో పైకెత్తి సందులు వేలితో లెక్కపెట్టు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా బాధ తగ్గకపోతే మళ్ళీ తియ్యాలి. ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా అంతే, ఒక్కసారితో తేలదు. కొత్తరకం పరీక్షల్లో ఆడవాళ్ళకి హద్దు మగవాళ్ళకన్నా తక్కువ. మీ ల్యాబ్ రిపోర్టులో ఏ హద్దు వేస్తున్నారో ఒకసారి చూడు.

ఇక లోపలి తేడాలు. ఆడవాళ్ళ గుండె రక్తనాళాలు సన్నం. యాంజియోగ్రాంలో పెద్ద బ్లాకు కనబడని గుండెపోట్లు వాళ్ళలోనే ఎక్కువ. ఒక్కోసారి జబ్బు యాంజియోగ్రాంకి కనబడని చిన్న నాళాల్లో ఉంటుంది. ఒక్కోసారి, ముఖ్యంగా కాన్పయిన కొత్తలో, నాళం గోడ లోపొర దానంతటదే చీలుతుంది. పెద్ద దుఃఖమో భయమో తగిలాక గుండె కండరం ఉన్నట్టుండి నీరసించే జబ్బొకటి ఉంది. 1990లో జపాన్ డాక్టర్లు మొదట వర్ణించారు, ముట్లుడిగినవాళ్ళలోనే ఎక్కువ. అందుకని "బ్లాకుల్లేవు" అన్నంత మాత్రాన "జబ్బు లేదు" అని అర్థం చేసుకోకు.

2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో చూసి, ఆడవాళ్ళకి మొదటి గుండెపోటు మగవాళ్ళకన్నా దాదాపు 9 ఏళ్ళు ఆలస్యంగా వస్తుందని తేల్చింది. మన దక్షిణాసియా వాళ్ళకి మిగతావాళ్ళకంటే ముందే వస్తుందనీ చెప్పింది. ఆ ఆలస్యాన్ని ఆడవాళ్ళకున్న రక్షణ అనుకుంటే, షుగరు దాన్ని చాలావరకు తినేస్తుంది. పొగాకు కూడా. "ఆడమనిషిని చుట్ట తాగుతావా అని ఎలా అడగను?" అనకు. మన శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు: కాన్పుల్లో బీపీగానీ షుగరుగానీ వచ్చిందా? అలా బీపీ పెరిగే గర్భవాతం వచ్చినవాళ్ళకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు ముప్పు సుమారు రెట్టింపు. యాభై అయిదేళ్ళావిడని పాతికేళ్ళనాటి కాన్పు గురించి అడిగితే నవ్వుతుంది. అడుగు.

ఇదంతా ఇంత ఆలస్యంగా ఎందుకు తెలిసిందంటావా? చూసింది మగవాళ్ళనే కాబట్టి. 1980ల్లో అమెరికాలో ఆస్పిరిన్ మీద పెద్ద పరీక్ష చేశారు. అందులో 22,071 మంది డాక్టర్లు, అందరూ మగవాళ్ళే. మొదటి గుండెపోట్లు 44 శాతం తగ్గాయి. తర్వాత దాదాపు 40 వేల మంది ఆడవాళ్ళని పదేళ్ళపాటు చూసి 2005లో ఫలితం చెప్పారు: మొత్తమ్మీద మొదటి గుండెపోట్లు తగ్గలేదు, పక్షవాతం కొంత తగ్గింది. ఆడవాళ్ళకిచ్చిన మోతాదు తక్కువన్నది నిజమే, అయినా తేడా తేడాయే. ఇది జబ్బులేనివాళ్ళు ముందుజాగ్రత్తకి వేసుకునే మాట సుమా. గుండెపోటు వచ్చిన మనిషికి డాక్టరు ఆస్పిరిన్ రాస్తే ఆడా మగా చూడక వెంటనే ఇవ్వాలి. బెర్నడీన్ హీలీ అనే గుండె డాక్టరమ్మ 1991లోనే ఘాటుగా రాసింది, తన జబ్బు మగవాడి జబ్బులాంటిదేనని రుజువైతే తప్ప ఆడమనిషికి సమానమైన వైద్యం అందడం లేదని. నాకా కోపం నచ్చుతుంది.

మరోమాట. నిన్ను మోస్తున్నప్పుడు మీ అమ్మకి ఎనిమిదో నెలలో బీపీ బాగా పెరిగింది, కాళ్ళు వాచిపోయాయి. కాన్పయ్యాక దిగిపోయిందని మళ్ళీ ఎన్నడూ చూపించుకోలేదు, నేను చెబితే వినదు. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు బీపీ నువ్వే చూడు, పరగడుపున షుగరూ కొలెస్ట్రాలూ చేయించు. అంకెలు నాకు రాసి పంపు.

ఇట్లు,
అమ్మమ్మ