రంగు తప్పిన మానిటర్‌ను సరిచేద్దాం

ఈసారి గోడపత్రికలో కంప్యూటర్ పాఠం రాసే వంతు నాది.

మానిటర్‌లో రంగులు తేడా వస్తే మనం వెంటనే "ఖరాబైంది" అంటాం. దాన్ని మూలకు పెడితే ఇద్దరు నేర్చుకునే చోటు పోయినట్లే. చాలాసార్లు మానిటర్ మంచిగనే ఉంటుంది, తీగనో సెట్టింగో తప్పుతుంది. మెకానిక్‌ను పిలిచే ముందు ఏం చూడాలో వరుసగా చెప్తాను.

ఉదాహరణకు మన గద్వాల చీర ఫొటో తీసుకుందాం. చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఎక్కడో ఉన్నవాళ్లు తెర మీద ముదురు ఎరుపు చూసి కొంటారు. ఇంటికి వచ్చింది వేరే రంగులా ఉంటే వెనక్కి పంపుతారు. చీర మారలేదు, తెర అబద్ధం చెప్పింది. నష్టం మాత్రం నేసినవాళ్లకు!

రంగు ఎట్ల పుడుతుంది? తెర మీద ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు మూడే ఉంటాయి. మామూలుగా ఒక్కోదానికి 0 నుండి 255 దాకా 256 మెట్లు. 256 × 256 × 256 చేస్తే 1,67,77,216 రంగులు. మూడూ 0 అయితే నలుపు, మూడూ 255 అయితే తెలుపు.

ఇప్పుడు పరీక్షలు.

1. తీగ: కరెంటు ఆపి, తీగ రెండు కొనలూ గట్టిగా బిగించాలె. పాత వీజీఏ తీగలో 15 పిన్నుల చోటు ఉంటుంది. 1, 2, 3 పిన్నులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెస్తాయి. ఒకటి వంగితే ఆ రంగు రాదు, మిగతా రెండే కలుస్తాయి. ఎరుపు పోతే తెల్ల పేజీ నీలి ఆకుపచ్చగా, ఆకుపచ్చ పోతే గులాబీ ఊదాగా కనిపిస్తుంది. 9వ పిన్ను చాలా తీగలకు ఉండనే ఉండదు, దానికి భయపడొద్దు. వంగిన పిన్నును మీరే లాగొద్దు, సారుకు చూపించండి.

2. రాత్రి వెలుగు: తెర అంతా పసుపు, నారింజ కలిసినట్టుంటే విండోస్ 10, 11లో నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఆపితే సరిపోతుంది.

3. మానిటర్ బటన్లు: మెనూలో రీసెట్ నొక్కితే కంపెనీ ఇచ్చిన అమరిక వస్తుంది. రంగు ఉష్ణోగ్రత 6500 కెల్విన్ దగ్గర పెట్టాలె. తగ్గిస్తే పసుపు, పెంచితే నీలం వైపు పోతుంది.

4. రంగుల పరిధి: హెచ్‌డీఎంఐ తీగతో ఇదే ఎక్కువ తికమక. టీవీ పద్ధతిలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటుంది. కంప్యూటర్ పద్ధతిలో 0, 255. కంప్యూటర్ టీవీ లెక్కన పంపి, మానిటర్ కంప్యూటర్ లెక్కన చదివితే నలుపు బూడిదలా, బొమ్మంతా వెలిసిన బట్టలా ఉంటుంది. తిరగబడితే 16 కిందివన్నీ ఒకటే నలుపు. చీకట్లో నల్లమల చెట్ల ఫొటోలో ఒక్క ఆకూ విడిగా కనిపించదు! గ్రాఫిక్స్ సెట్టింగుల్లో "ఫుల్", "లిమిటెడ్" అని ఉంటుంది. రెండు వైపులా ఒకే లెక్క పెట్టాలె.

5. చివరి సర్దుబాటు: తెరను అరగంట వెలగనిచ్చి, కిటికీ ఎండ పడకుండా చూసి, విండోస్ వెతికే గడిలో "క్యాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్" అని ఇంగ్లీషులో కొట్టండి. గామా, వెలుగు, కాంట్రాస్ట్, రంగుల తూకం ఒక్కొక్కటే అడుగుతుంది. కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి చూడాలె.

ఒక మాట గుర్తుంచుకోండి. ఒకసారి ఒక్కటే మార్చి, పాత అంకె నోటుబుక్కులో రాసుకోవాలె. అప్పుడే ఏది తప్పో తెలుస్తుంది. ఎంత సరిచేసినా జరీ మెరుపు తెరమీదికి పూర్తిగా రాదు, అది చేత్తో పట్టుకొని చూడాల్సిందే. మానిటర్ లోపల మాత్రం ఎవరూ విప్పొద్దు, షాక్ కొడుతుంది.

మీకో ప్రశ్న: తెల్ల పేజీ పసుపుగా కనిపిస్తోంది, నైట్ లైట్ ఆపే ఉంది. వీజీఏ తీగలో ఎన్నో పిన్ను చూడాలి? జవాబు వచ్చే సంచికలో!