హో చి మిన్ నగరానికి మొదటి ప్రయాణం: ఇంటి దగ్గర చేసుకోవలసిన సిద్ధపాటు



సముద్రం దాటి వెళ్ళడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పుడు కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుండి మన పెద్దలు ఎందరో ఓడ ఎక్కి రంగం వెళ్ళారు. వారు వెళ్ళింది కూలి కోసం. ఇప్పుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేస్తున్న పిల్లలు తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఊళ్ళు చూపించడానికి తీసుకెళ్తున్నారు. హైదరాబాదు నుండి వియత్నాంలోని హో చి మిన్ నగరానికి 2025లో నేరు విమానాలు మొదలయ్యాయి. కలకత్తా నుండి అంతకు ముందే ఉన్నాయి. వేళలు మారుతుంటాయి గనుక టికెట్ కొనే ముందు సరిచూసుకోండి.

రామతీర్థం చుట్టుపక్కల నుండి మన ఓపీకి వచ్చేవారు కూడా "పిల్లలు వియత్నాం తీసుకెళ్తామంటున్నారమ్మా, ఈ మోకాళ్ళతో వెళ్ళగలమా? మాత్రలు ఎన్ని పట్టుకెళ్ళాలి?" అని అడుగుతున్నారు. అందుకే ఈ పాఠం. ఇందులో ముఖ్యమైన మాట ఒక్కటే: ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని బట్టి ప్రయాణం వేసుకోండి. మిగతావన్నీ దాని వెనుక వచ్చేవే.

ఆ ఊరి సంగతి

హో చి మిన్ నగరం పాత పేరు సైగాన్. 1975 ఏప్రిల్ 30న యుద్ధం ముగిసింది. 1976లో పేరు మారింది. 2025 జూలై 1 నుండి పక్కనున్న రెండు రాష్ట్రాలు కూడా ఈ నగరంలో కలిశాయి. అప్పటి నుండి 'డిస్ట్రిక్ట్ 1', 'డిస్ట్రిక్ట్ 3' అనే పాత విభాగాలు ప్రభుత్వ లెక్కలో లేవు. జనం నోట మాత్రం ఇంకా అవే ఉన్నాయి. హోటలు చిరునామా రాసుకునేటప్పుడు పాతదీ కొత్తదీ రెండూ రాసుకుంటే తికమక ఉండదు.

అక్కడ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు పొడి కాలం. మే నుండి నవంబరు వరకు వానలు. ఏప్రిల్‌లో ఎండ బాగా ముదురుతుంది. పెద్దవారితో వెళ్ళేవారికి డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. జనవరి ఆఖరులోనో ఫిబ్రవరిలోనో వచ్చే వారి సంవత్సరాది 'తెత్' పండుగ రోజుల్లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. ఆ తేదీలు ముందే చూసుకోండి.

కాగితాలు

పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలకు తక్కువ కాకుండా గడువు ఉండాలి. వీసా ఇంటి దగ్గర నుండే కంప్యూటరులో తీసుకోవచ్చు. 2023 ఆగస్టు 15 నుండి ఈ ఈ-వీసా 90 రోజుల వరకు ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. వియత్నాం ప్రభుత్వ సైట్‌లోనే దరఖాస్తు చేయండి. దానిని పోలిన పేర్లతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లు ఉన్నాయి.

మనవాళ్ళకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనుక ఉంటుంది. వీసాలోనూ టికెట్‌లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. వీసా కాగితం రెండు ప్రతులు తీసి వేర్వేరు సంచుల్లో పెట్టండి.

డబ్బు విషయంలోనూ ఒక జాగ్రత్త. అక్కడి నాణెం పేరు డాంగ్. మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి. 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలి రంగువే. కంట్లో శుక్లం ఉన్నవారు రాత్రి పూట ఒకటి అనుకొని ఇంకొకటి ఇచ్చేస్తారు. పెద్ద నోట్లు విడిగా ఉంచుకోండి.

నెల ముందు డాక్టరు దగ్గరకు

టికెట్ కొన్న వారంలోనే డాక్టరును కలవండి. బయలుదేరే ముందు రోజు వస్తే మేము చేయగలిగింది తక్కువ. బీపీ, షుగరు, గుండె, ఆస్తమా, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తప్పనిసరిగా పరీక్ష చేయించుకోవాలి. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, ఆపరేషన్ అయినవారు, గర్భిణులు విమానం ఎక్కవచ్చో లేదో అడిగి తెలుసుకోవాలి. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు అవసరమా, ధనుర్వాతం టీకా వేసుకొని పదేళ్ళు దాటిందా అన్నవి కూడా అడగండి.

మన ఊళ్ళో ఒక సులువైన కొలత ఉంది. రామతీర్థం కొండ మెట్లు ఎక్కేటప్పుడు మీకు ఎలా ఉంటోంది? ఆయాసం వచ్చి నాలుగైదు మెట్లకోసారి కూర్చుంటున్నారా? ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం ఉందా? ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. పరీక్ష పేరుతో కొత్తగా మెట్లు ఎక్కవద్దు. ఇదివరకు ఎలా ఎక్కారో, ఇప్పుడు ఎలా ఎక్కుతున్నారో గుర్తు చేసుకుంటే చాలు.

డాక్టరు సరేనంటే ఆ రోజు నుండే రోజుకు అరగంట నడవండి. అక్కడ వేసుకోబోయే చెప్పులు, బూట్లు ఇక్కడే వేసుకొని అలవాటు చేసుకోండి. షుగరు ఉన్నవారికి కొత్త బూటు కరిచిన పుండు చిన్న విషయం కాదు. ప్రయాణంలో ప్రతి రాత్రి పాదాలు, వేళ్ళ సందులు చూసుకోవాలి. చెప్పులు లేకుండా నడవకూడదు.

మందుల సంచి

1. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె విమానం అడుగుకు వెళ్తుంది. అది రావడం ఆలస్యమైతే బీపీ మాత్ర ఆగిపోతుంది.

2. ఇన్సులిన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పెద్ద పెట్టెలో పెట్టకండి. అక్కడి చలికి గడ్డ కడితే ఆ మందు పనికిరాదు. సూదుల కోసం డాక్టరు ఉత్తరం దగ్గర ఉంచుకోండి.

3. మాత్రలను స్ట్రిప్పుల్లోనే ఉంచండి. విడదీసి పొట్లం కడితే అవి ఏమిటో అక్కడ ఎవరూ చెప్పలేరు. చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఇంగ్లీషులో రాయించుకోండి. నిద్రమాత్రలు, నరాల మందులు వాడేవారికి ఈ చీటీ మరీ ముఖ్యం.

4. వెళ్ళే రోజులకు సరిపడా, దానిపైన ఐదు రోజులకు అదనంగా తీసుకెళ్ళండి.

5. ఓఆర్‌ఎస్ పొట్లాలు, పారాసిటమాల్, కట్టు గుడ్డ, దోమల క్రీము, థర్మామీటరు వేసుకోండి.

గంటన్నర తేడాకు మాత్రల వేళలు పెద్దగా మార్చుకోనక్కర లేదు. అక్కడి ఉదయం భోజనంతో ఉదయం మందు, రాత్రి భోజనంతో రాత్రి మందు వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను మాత్రం ఆహారం కళ్ళెదుటకు వచ్చాకనే వేసుకోవాలి. 'విమానంలో పెడతారులే' అని ముందే వేసుకొని, తిండి ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే చక్కెర ఇవ్వాలి. అందుకని జేబులో బెల్లం ముక్కో గ్లూకోజు పొడో ఉంచుకోండి.

హైదరాబాదు నుండి నేరు విమానానికి సుమారు నాలుగున్నర గంటలు. అంతసేపు కాళ్ళు కదపకుండా కూర్చోవద్దు. గంటకోసారి మడమలు పైకీ కిందకీ ఆడించండి, వీలైతే లేచి రెండడుగులు వేయండి. మూత్రానికి లేవాలని నీళ్ళు మానేయడం మన ఆడవారి అలవాటు. అది మంచిది కాదు.

తిండి, నీరు

కుళాయి నీరు తాగకండి. పళ్ళు తోముకున్నాక పుక్కిలించడానికి కూడా సీసా నీరే వాడండి. బండి మీద అప్పటికప్పుడు వేడిగా వండి ఇచ్చేది, చల్లారిన హోటలు తిండి కన్నా మేలు. అక్కడ దాదాపు ప్రతి భోజనంతో పచ్చి ఆకులు ఇస్తారు. కడుపు సున్నితమైనవారు వాటిని పక్కన పెట్టవచ్చు.

వారి ముఖ్యమైన వంటకం 'ఫో'. బియ్యపు సేమ్యాతో చేసిన వేడి పులుసు. పేరు చివర 'బో' అంటే ఆవు మాంసం, 'గా' అంటే కోడి, 'కా' అంటే చేప, 'తోమ్' అంటే రొయ్య. శాకాహారాన్ని 'చాయ్' అంటారు. అది మన టీ కాదు. బౌద్ధులు చాలామంది పున్నమికీ అమావాస్య మరునాటికీ మాంసం మానుతారు గనుక శాకాహార హోటళ్ళు దొరుకుతాయి. మామూలు హోటలులో కూరగాయల వంటలో కూడా చేపల నుండి తీసిన సాస్ పడుతుంది. అది బాగా ఉప్పగా ఉంటుంది. బీపీ ఉన్నవారు సేమ్యా, ముక్కలు తిని పులుసు వదిలేయండి. వేరుశనగ, రొయ్య పడనివారు ఆ సంగతి వియత్నాం భాషలో ఒక కాగితం మీద రాయించుకొని చూపించండి.

కాఫీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన అరకు కాఫీ అరబికా రకం. అక్కడ ఎక్కువగా తాగేది రోబస్టా. ఇందులో కెఫీన్ ఎక్కువ. దానిలో చిక్కని తీపి డబ్బా పాలు పోసి ఐసు వేస్తారు. షుగరు ఉన్నవారికి ఒక్క గ్లాసే ఎక్కువ. గుండె దడ ఉన్నవారు సాయంత్రం తాగవద్దు.

విరేచనాలు పట్టుకుంటే మొదటి మందు నీరే. ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి వేసి కలిపి కొద్దికొద్దిగా తాగించండి. విరేచనంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి వెళ్ళాలి.

రోడ్డు దాటడం

ఆ ఊళ్ళో మొదట భయపెట్టేది రోడ్డే. మోటారు సైకిళ్ళు లక్షల సంఖ్యలో ఏరులా పారుతుంటాయి. పైగా బళ్ళు మనలా ఎడమ వైపున కాక కుడి వైపున నడుస్తాయి. మనం అలవాటుగా ముందు కుడి వైపు చూస్తాం. అక్కడ ముందు ఎడమ వైపు చూడాలి. ఇద్దరు ముగ్గురు కలిసి, పెద్దవారిని మధ్యలో ఉంచుకొని, నెమ్మదిగా ఒకే వేగంతో దాటండి. బళ్ళవారు మీ నడకను చూసి పక్కకు తప్పుకుంటారు. సగంలో ఆగడం, వెనక్కు పరుగెత్తడం ప్రమాదం. కారు, బస్సు వస్తుంటే మాత్రం అది పోయేదాకా ఆగండి. సిగ్నలు ఉన్న చోటనే దాటడం అన్నిటికంటే మంచిది.

అక్కడ బండి అద్దెకు తీసుకొని నడపవద్దని మా సలహా. చెల్లే లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే బీమా డబ్బు రాకపోవచ్చు. బండి వెనుక కూర్చున్నా శిరస్త్రాణం పెట్టుకోండి. ఆ దేశంలో 2007 డిసెంబరు 15 నుండి అన్ని రోడ్లపైనా నడిపేవారికీ వెనుక కూర్చునేవారికీ అది తప్పనిసరి. తాగి బండి నడపడంపై 2020 జనవరి నుండి కఠినమైన నియమాలు ఉన్నాయి. ఈ రెండు సంగతులూ మన పిల్లలు నేర్చుకొని వస్తే ప్రయాణం ఖర్చు దక్కినట్టే. ఫోను, సంచి రోడ్డు వైపు చేతిలో పట్టుకోకండి, బండి మీద వచ్చి లాక్కుపోయేవారున్నారు.

నగరంలో 2024 డిసెంబరు 22న మొదటి మెట్రో రైలు మొదలైంది. 19.7 కిలోమీటర్ల ఆ దారి బెన్ థాన్ బజారు దగ్గర మొదలవుతుంది. మోకాళ్ళ నొప్పుల వారికి ఊరు చూడడానికి అది మంచి సాధనం.

రోజులు పంచుకోవడం

ఉదయం ఒక చోటు, మధ్యాహ్నం గదిలో విశ్రాంతి, ఎండ తగ్గాక ఇంకొక చోటు. ఇంతకు మించి పెట్టుకోవద్దు.

మొదటి రోజు: దిగి పడుకోవడమే. సాయంత్రం న్వేన్ హ్వే నడక వీధి.

రెండవ రోజు: 1891లో పూర్తయిన పెద్ద తపాలా కార్యాలయం, దాని ఎదుట 1880లో కట్టి ముగించిన ఎర్ర ఇటుకల కెథడ్రల్. కెథడ్రల్‌కు 2017 నుండి మరమ్మతులు మొదలయ్యాయి గనుక లోపలికి వెళ్ళే వీలుందో లేదో ముందు కనుక్కోండి.

మూడవ రోజు: చరిత్ర మ్యూజియం. డాంగ్ జువాంగ్ అనే చోట 1911లో దొరికిన కంచు బుద్ధ విగ్రహం అక్కడ ఉంది. దానిలో మన అమరావతి శిల్పం పోలికలు ఉన్నాయని పండితులు చెప్పారు. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారం శిథిలాలు చూసిన మన రామతీర్థం వారికి ఆ విగ్రహం ముందు నిలబడితే పరాయి చోటనిపించదు. యుద్ధ అవశేషాల మ్యూజియం కూడా చూడదగినదే. అయితే అక్కడి ఫోటోలు చిన్నపిల్లలకు, మనసు బలహీనంగా ఉన్నవారికి తగవు.

నాలుగవ రోజు: మెకాంగ్ నదిలో పడవ ప్రయాణం గానీ, కూ చి సొరంగాలు గానీ, రెండిటిలో ఒకటే. సొరంగాలు ఇరుకు, ఉక్క. ఆస్తమా, గుండెజబ్బు, మోకాలి నొప్పి ఉన్నవారు పైనే ఉండండి.

జబ్బు చేస్తే

పగటి పూట కుట్టే దోమతో డెంగీ వస్తుంది. నిండు చేతుల బట్టలు వేసుకోండి. జ్వరం వస్తే పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి నొప్పి మాత్రలు డెంగీలో రక్తస్రావం తెస్తాయి. గుండెకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు డాక్టరును అడగాలి. తిరిగి వచ్చిన రెండు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళి వచ్చారో తప్పక చెప్పండి.

అంబులెన్సుకు 115, పోలీసుకు 113, అగ్నిమాపక దళానికి 114. ఆ నగరంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి చో రే. భారత కాన్సులేటు కూడా ఉంది. మన ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ చెల్లదు. అందుకని ప్రయాణ బీమా తీసుకోండి. ఆ ఫారంలో ఉన్న జబ్బులన్నీ రాయండి. దాచిన జబ్బుకు బీమా కంపెనీ డబ్బు ఇవ్వదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఇంత ఖర్చు పెట్టాడు కదా, మనవల్ల ఆగకూడదు అని కాలి నొప్పి, ఛాతీ నొప్పి దాచుకొని నడవకండి. ఇంటి దగ్గర దాచిన నొప్పిని పక్కింటివారైనా కనిపెడతారు. పరాయి దేశంలో మీరు చెబితేనే తెలుస్తుంది. పిల్లలారా, "నాకేం లేదు" అన్న మాటతో ఊరుకోకండి. ముఖం చూడండి, నడక చూడండి. చూడని చోటు ఇంకొకసారి చూడవచ్చు.

కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవలసినవి

1. మన ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరు? ఈ ఏర్పాట్లు వారిని అడిగి చేశామా?
2. ఎవరు ఏ మందు ఎప్పుడు వేసుకుంటారో మిగతావారిలో ఇంకొకరికైనా తెలుసా?
3. ఒకరికి బాగోలేకపోతే గదిలో వారికి తోడు ఎవరు ఉంటారు?
4. డాక్టరును కలిసే తేదీ ఏది?