పుండు మానినా జబ్బు మానదు

డిగ్నాబాద్, శ్రీవిజయపురం

చిరంజీవి మేనల్లుడికి,

సుఖవ్యాధుల గురించి, అంటే లైంగిక కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి సోకే జబ్బుల గురించి, పిల్లలు అడగడానికి సిగ్గుపడుతుండగా పెద్దలు చెప్పడానికి జంకుతుంటారు కనుక, పెళ్లీడుకొచ్చిన చిరంజీవికి ఆ సంగతులు ఉత్తరంలోనైనా అందడం అవసరం.

వీటిలో మనిషిని ఎక్కువగా ఏమార్చేది సవాయి, అంటే సిఫిలిస్. సోకిన సుమారు 3 వారాలకు జననాంగం మీద నొప్పిలేని పుండు లేచి, మందు వాడకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది. ఆ ధీమాతో రోగి ఊరుకుంటే, క్రిమి ఒంట్లోనే దాగి, ఏళ్ల తరవాత గుండెనూ మెదడునూ దెబ్బతీయవచ్చు, గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకూ చేరవచ్చు. వీడీఆర్ఎల్ అనే మామూలు రక్తపరీక్షతో బయటపడే ఈ జబ్బు తొలిదశలో బెంజథీన్ పెన్సిలిన్ ఒక్క మోతాదుతో నయమవుతుంది. సెగ అని జనం పిలిచే గనేరియా, తరచు దానికి తోడుగా వచ్చే క్లామిడియా, స్త్రీలలో చాలాసార్లు ఏ లక్షణమూ చూపకుండానే గర్భనాళాలను పాడుచేసి సంతానలేమికి దారితీయవచ్చు. క్లామిడియాకు నేటికీ వాడే డాక్సీసైక్లిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ 1948లో వెలువరించిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కుటుంబానికే చెందినది.

హెచ్‌ఐవీ విషయంలో తొందరపాటు పరీక్ష కూడా తప్పుదారి పట్టిస్తుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే ప్రతిరక్షకాలు పరీక్షకు అందేంతగా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. విండో పీరియడ్ అనే ఈ వ్యవధిలో లేదని వచ్చిన ఫలితాన్ని నమ్ముకోకుండా, అనుమానపు కలయిక జరిగిన 3 నెలలకు మళ్లీ చేయించుకోవాలి.

నలుగురూ ఎరిగిన చిన్న ఊళ్లో జీబీ పంత్ ఆసుపత్రి మెట్లెక్కితే ఎవరైనా చూస్తారన్న భయం సహజమే, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. అయితే ఐసీటీసీ అనే ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, కౌన్సెలర్ ముందుగా విడిగా మాట్లాడతారు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం సమ్మతి లేకుండా పరీక్షించడాన్నీ ఫలితాన్ని బయటపెట్టడాన్నీ నిషేధించింది. ముందుగా ఫోనులో అడగదలిస్తే 1097 హెల్ప్‌లైన్ ఉంది.

మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు మాత్రలు లక్షణాన్ని అణచి జబ్బును మిగల్చవచ్చు. కండోమ్ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది గానీ, అది కప్పని చోట ఉన్న పుండు నుంచి జబ్బు సోకడాన్ని ఆపలేదు. చికిత్స ఒక్కరే పొందితే రెండోవారి నుంచి జబ్బు తిరిగి సోకుతుంది కాబట్టి, భాగస్వామికీ పరీక్ష, చికిత్స జరగాలి, వైద్యుడు చెప్పేవరకు కలయిక మానాలి.

ఇట్లు
మేనమామ