ఆ గొంతు పేరు టంగుటూరి సూర్యకుమారి

ఈసారి ఒక పాటగత్తె ముచ్చట చెప్తాను. ఆమె పాట మీ అందరికీ తెలుసు. మనిషే తెలియదు.

మనలో చాలామందిమి రాష్ట్రం రెండు కాకముందు బడికెళ్లినవాళ్లం. పొద్దున ప్రార్థనకు వరుసలో నిలబడి ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ పాడనివాళ్లు ఎవరున్నారు? ఇప్పుడు మన పిల్లలు అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ పాడుతున్నారు. 2024లో అది మన రాష్ట్ర గీతమైన రోజు నాకు కడుపు నిండినట్టయింది. అయినా చిన్నప్పుడు నోటికి పట్టిన రాగం అంత తొందరగా ఎక్కడికి పోతుంది? ఆ పాత పాట రాసినాయన శంకరంబాడి సుందరాచారి. చిత్తూరు నాగయ్య నటించిన 1942 నాటి ‘దీనబంధు’ సినిమా కోసం రాశారు. కానీ ఆ పాటను ఇంటింటికీ చేర్చింది మాత్రం ఒక గ్రామఫోను రికార్డు. ఆ రికార్డులో పాడిన ఆమే టంగుటూరి సూర్యకుమారి.

ఆమె సినిమా నటి. 1952లో మిస్ మద్రాస్. న్యూయార్క్‌లో రంగస్థలం ఎక్కి రాణి వేషం కట్టి, అక్కడి విమర్శకుల చేత అవార్డు ఇప్పించుకున్న తెలుగు బిడ్డ. ఇంత చేసిన మనిషి పేరు మా ఊరు సురంగల్‌లో నేను అడిగిన ఆడవాళ్లలో ఒక్కరికీ తెలియలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు పేరు చెప్తే మాత్రం అందరూ తలూపారు. ఆంధ్రకేసరి అన్నారు, విజయవాడలో బ్యారేజీ ఉందన్నారు. ఆ పంతులుగారి తమ్ముడి కూతురే ఈమె. పెదనాన్న పేరు బ్యారేజీకి ఉంది. బిడ్డ పాట మన నోట్లో ఉంది. బిడ్డ పేరు ఎక్కడ జారిపోయిందో మరి! నాకు మనసున పట్టలేదు. అందుకే ఈ ముచ్చట పెట్టుకున్నాను.

సూర్యకుమారి 1925 నవంబరు 13న రాజమండ్రిలో పుట్టింది. పన్నెండేళ్లకే సినిమాకు వచ్చింది. 1937లో ‘విప్రనారాయణ’లో ఆ చిన్నపిల్ల గొంతు కోసమే ఒక పాత్ర కల్పించారు. అప్పటి సినిమా తీరు వేరు. పాడడం వచ్చినవాళ్లకే వేషం దక్కేది. కెమెరా తిరుగుతుంటే నటించాలి, నటిస్తూనే పాడాలి. వాయిద్యాలవాళ్లు కెమెరా కంటబడకుండా పక్కన ఎక్కడో కూర్చుని వాయించేవాళ్లు. ముఖం ఎవరిదో గొంతూ వాళ్లదే.

1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో నటించింది. జమీందార్ల దౌర్జన్యం మీద తీసిన ఆ సినిమా జమీందార్లకు కోపం తెప్పించింది, కొన్నిచోట్ల ఆడనివ్వలేదు. 1941లో బి.ఎన్.రెడ్డి ‘దేవత’లో నాయకుడి చెల్లెలు సీత. 1943లో ‘కృష్ణప్రేమ’. ఈ ‘కృష్ణప్రేమ’ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. రాధ వేషం శాంతకుమారిది, చంద్రావళి భానుమతిది. మన సూర్యకుమారి నారదుడు! ఎవరి పాట వాళ్లే పాడుకునే ముగ్గురు ఆడవాళ్లు ఒకే సినిమాలో. అలాంటి సినిమా మళ్లీ రావడం కష్టమే. భానుమతీ 1925లోనే పుట్టింది. ఈ ఈడుజోడు పిల్లలిద్దరూ 2005లోనే పోయారు, సూర్యకుమారి ఏప్రిల్‌లో, భానుమతి డిసెంబరులో. మరుసటి నెల, 2006 జనవరిలో, శాంతకుమారీ పోయింది. ఏడాది తిరక్కుండానే రాధ, చంద్రావళి, నారదుడు ముగ్గురూ వెళ్లిపోయారు.

ఇక రికార్డుల సంగతి. ఇప్పటి పిల్లలకు పాటంటే ఫోన్లో వేలు తాకిస్తే వచ్చేది. అప్పటి రికార్డు లక్కతో చేసిన నల్లటి పళ్లెం. చెయ్యి జారితే ముక్కలే. నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట. పెట్టె పక్కన పిడి తిప్పి స్ప్రింగు బిగించాలి, సూది అరిగితే మార్చాలి. పాడేవాళ్ల కష్టం ఇంకా పెద్దది. గొంతు నేరుగా మైనపు పలక మీద గీతలుగా పడేది. చివరి చరణంలో ఒక్క అక్షరం తడబడినా దిద్దే దారి లేదు, మొదటికి రావాల్సిందే. ఆ మూడు నిమిషాల్లోనే పల్లవి, చరణాలు, భక్తి, ఆవేశం అన్నీ ఇమడాలి. సూర్యకుమారి దేశభక్తి గీతాలూ లలిత గీతాలూ ఇలాగే పాడింది. ఆ ‘మల్లెపూదండ’ ఇవాళ విన్నా ఒక్క మాట నలగదు. ‘ళ’కు ‘ళ’, ‘ణ’కు ‘ణ’ పలుకుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకుందో వెతికినా దొరకదు.

రికార్డుల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పేదట. అచ్చు పోయడానికి ఆ పలకలు జర్మనీ పోయేవి. అక్కడివాళ్లకు ఎవరి పాటో తెలిసి చీటీ అతికించాలి కదా, అందుకు. అవసరం కొద్దీ చెప్పిందే అయినా నాకది భలే నచ్చింది. పాడినామె తన నోటితోనే తన పేరు చెప్పుకోవడం!

తర్వాత సినిమా మారింది. ప్లేబ్యాక్ వచ్చింది. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది. దానివల్ల మనకు లీల, జిక్కి, సుశీల దొరికారు, అది చిన్న భాగ్యం కాదు. కానీ రెండూ ఉన్నవాళ్లకు చిక్కొచ్చి పడింది. భానుమతి గట్టి మనిషి, తన పాట తానే పాడుకుంది. సూర్యకుమారి దారి చూడండి. 1955లో హిందీలో ‘ఉడన్ ఖటోలా’ వచ్చింది. దిలీప్ కుమార్, నిమ్మీ జంట, నౌషాద్ పాటలు. అది ఆడవాళ్లు ఏలే రాజ్యం కథ. ఆ రాజ్యపు రాణి మన సూర్యకుమారి. విమానం కూలి అక్కడ పడ్డ నాయకుడిని రాణి తన కోటలో ఉండమంటుంది, తనకోసం పాడమంటుంది. అతను పాడతాడు, ఈమె వింటుంది. తెలుగుదేశమంతా ఎవరి గొంతు వింటోందో ఆ మనిషిని తెర మీద వినేదానిగా కూర్చోబెట్టారు. సినిమా పెద్ద హిట్టే. ఆమె అందంగానూ ఉంటుంది. నాకు మాత్రం చూసినప్పుడల్లా, అమ్మా, నువ్వొక్క పాట అందుకోవే అనిపిస్తుంది.

చూశారా చెల్లెళ్లూ, రికార్డులో గొంతుంది, ముఖం లేదు. ఆ సినిమాలో ముఖముంది, గొంతు లేదు. మద్రాసులో ఉండి ఉంటే అలాగే వయసు మీద పడేదేమో. ఆమె అమెరికా వెళ్లింది.

ఏ వయసులో అనుకున్నారు? ముప్పై దాటాక. న్యూయార్క్‌లో ఆమెను ఎరిగినవాళ్లెవరు? ‘దేవత’ చూసినవాళ్లున్నారా, రికార్డు కొన్నవాళ్లున్నారా? ఇంటిపేరు కూడా అక్కడ పనికిరాదు. పెదనాన్న ముఖ్యమంత్రిగా చేశారంటే ఏ ముఖ్యమంత్రి అంటారు. మళ్లీ ఓనమాల దగ్గర మొదలు.

1961 రవీంద్రనాథ్ ఠాగూర్ పుట్టి నూరేళ్లయిన సంవత్సరం. ఆ ఏడాది ఫిబ్రవరిలో మన్‌హటన్‌లోని జాన్ హుస్ ప్లేహౌస్‌లో ఆయన నాటకం ‘కింగ్ ఆఫ్ ది డార్క్ ఛాంబర్’ ఇంగ్లిషులో వేశారు. దర్శకుడు కృష్ణ షా. అది బ్రాడ్వే పెద్ద హాలు కాదు, ఆఫ్ బ్రాడ్వే అంటారు, ఐదు వందల సీట్లకు లోపు ఉండే చిన్న హాళ్లు. అలాంటి హాల్లో చివరి వరసలో ఉన్నవాళ్లకు కూడా నటి కనురెప్ప కదలిక కనిపిస్తుంది. దాచుకోవడానికేమీ ఉండదు.

నాటకంలో సూర్యకుమారి సుదర్శన అనే రాణి. ఆమె భర్త రాజు ఎవరికీ కనబడడు. భార్యను కూడా చీకటిగదిలోనే కలుస్తాడు. గొంతు తప్ప ఆమెకు ఏమీ తెలియదు. వెలుతురులో చూడాలని పంతం పడుతుంది, చూడబోయి వేరే మనిషిని రాజనుకుని మోసపోతుంది, కోపంతో పుట్టింటికి పోతుంది. చివరికి పంతం, దర్పం వదిలేసి దుమ్ములో నడుచుకుంటూ రాజును వెతుక్కుంటూ వస్తుంది. ఆ చీకటిగదిని కనిపెట్టుకుని ఉండే దాసి పేరు సురంగమ. అది చదివినప్పుడు మా ఊరు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ముఖం లేకుండా గొంతుతోనే మనిషిని నమ్మాల్సిన కథ అది. అలాంటి కథకు సూర్యకుమారి దొరకడం నాటకం అదృష్టం. ముప్పై అయిదేళ్ల వయసులో, తనది కాని భాషలో, చీర కట్టి రాణిగా నిలబడింది. న్యూయార్క్ విమర్శకులు ఆమెకు ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డు ఇచ్చారు. అక్కడ ఆమె ఎవరి తమ్ముడి బిడ్డ అనీ, ఎంత పెద్ద హీరో పక్కన చేసిందనీ లెక్క లేదు. ముందు నిలబడి చేసింది, వాళ్లు చూశారు, ఇచ్చారు.

అదే ఊళ్లో అదే 1961లో బార్బ్రా స్ట్రైసాండ్ అనే పంతొమ్మిదేళ్ల పిల్ల కూడా అలాంటి ఒక చిన్న హాల్లో స్టేజీ ఎక్కింది. రెండేళ్లకు మొదటి ఆల్బం వచ్చింది, తర్వాత సినిమాలు, ఆస్కార్లు. నటి, గాయని రెండూ తానే అయి ఇవాళ్టికీ ఆమె పేరు తెలియని అమెరికన్ ఉండడు. వాళ్లు తమ గొంతుల పేర్లు మరిచిపోలేదు. ఆ మాటకు నాకు అసూయ అంటే అసూయే అనుకోండి.

అవార్డు వచ్చాక సూర్యకుమారి మద్రాసుకు తిరిగొచ్చి సన్మానాలు చేయించుకుంటూ కూర్చోలేదు. లండన్‌లో స్థిరపడింది. ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అనే సంస్థ పెట్టి మన పాట, మన ఆట అక్కడివాళ్లకు నేర్పింది. 1973లో, నలభై ఏడేళ్ల వయసులో, హెరాల్డ్ ఎల్విన్ అనే చిత్రకారుణ్ణి, రచయితను పెళ్లాడింది. లోకం ఏమనుకుంటుందో అని ఆగిన గుర్తు నాకైతే ఆమె జీవితంలో ఎక్కడా కనబడలేదు. 2005 ఏప్రిల్ 25న లండన్‌లోనే కన్నుమూసింది.

ఇదంతా మా వదినెకు చెప్పాను. మాది మొయినాబాద్ మండలం, మా దిక్కు కూరగాయలు, పూలు ఎక్కువ. ఆమె చామంతి తోటలో కోతకు పోతుంది. తెల్లారకముందే మంచులో పూలు తెంపి, బుట్టలు నింపి, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయే బండికి అందించాలి. తొడిమె మరీ పొడుగుంచితే పక్క పూవు నలుగుతుంది, మరీ పొట్టిగా తెంపితే రెక్కలు రాలిపోతాయి. ఆమె వేళ్లు చూడకుండానే ఆ కొలత పట్టేస్తాయి. ఆ వేళ్ల లయకు పాట నడుస్తుంటుంది. బతుకమ్మ వస్తే మా వాడలో పాట ఎత్తుకునేది ఆమే. ఎన్ని చరణాలైనా కాగితం ముట్టదు. చుట్టూ తిరిగే యాభై మందికి ఆమె గొంతే దారి.

అలాంటి మనిషి, ఎవరైనా ఫోను చూపించి రికార్డు చేస్తానంటే నోరు మూసేస్తుంది. “నలభైకొచ్చిన. పిల్ల పెండ్లికుంది. ఇప్పుడు నాకెందుకే ఈ పాటల సోకు?” అంటుంది. ఇంకో ఆమె అయితే, “నా పాట పెట్టుకో గని పేరు పెట్టకు, ఇంట్ల ఊరుకోరు” అంది. ఎంత బాధేసిందో తెలుసా! మన చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు ఏ ఊరికి పోయినా ఇదే మాట. యూట్యూబులో మన పాటలకు లక్షల మంది చూసేవాళ్లున్నారు. పాట కింద ‘జానపదం’ అని ఒక్క మాట పడేస్తారు, అయిపోయింది. పాట ఎత్తుకున్న మనిషి మాయం.

వదినెకు నేను అమెరికా పొమ్మని చెప్పలేదు. ముప్పై అయిదేళ్లకు భాష తెలియని స్టేజీ ఎక్కిన ఆడమనిషి ఉందని మాత్రం చెప్పాను. గౌహర్ జాన్ పాట చివర పేరు చెప్పుకున్న సంగతీ చెప్పాను. ఫోన్లో ఆ ‘మల్లెపూదండ’ పెట్టి వినిపించాను. రెండోసారి తనే పెట్టమంది. “మస్తు నిమ్మలంగ పాడింది” అంది. పాటగత్తె మరో పాటగత్తెకు ఇచ్చే మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

ఈ బతుకమ్మకు మా వాడ పాటలన్నీ రికార్డు చేస్తున్నాం. పద్ధతి ఒక్కటే పెట్టుకున్నాం: ఎవరు పాట ఎత్తుకుంటే వాళ్లు ముందుగా తమ పేరు, ఊరు చెప్పి అప్పుడు మొదలుపెట్టాలి. మీరూ మీ ఊళ్లో అలాగే చెయ్యండి. పెద్దమనుషులు దాటిపోకముందే చెయ్యండి. మాకు రాసి పంపితే పాడినవాళ్ల పేర్లతో సహా ఇక్కడే ముచ్చట పెట్టుకుందాం.

వదినె చివరికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. “నా ఒక్కదాని పేరు చెప్ప. మా అమ్మ పేరు గూడ చెప్త. పాట ఆమె నేర్పిందే.” సరేనన్నాను. ముందు ఎవరి పేరు చెప్పాలన్న దాని మీద ఇద్దరం ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నాం.