ఆర్పదగిన దీపము

గోదావరీ ప్రాణహితల సంగమస్థానమగు కాళేశ్వరమున ఒకే పానవట్టముపై రెండు లింగములు వెలసియున్నవి. 2025వ సంవత్సరము మే 15 నుండి 26 వరకు అచ్చట సరస్వతీ పుష్కరములు జరిగినవి. యాత్రికులలో కొందఱు కార్లలోను, కొందఱు ఆర్టీసీ బస్సులలోను వచ్చిరి. 48 మంది ఒక బస్సులో కలిసి వచ్చినచో నలుగురేసి ఎక్కు 12 కార్లకు పని యుండదు. ఇంధనమును, పొగయు తగ్గును.

ఆ జిల్లాలోనే చెల్పూరున బొగ్గుతో విద్యుత్తును పుట్టించు కేంద్రము కలదు. 12 కిలోల కర్బనము పూర్తిగా దగ్ధమైనచో 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అది భూమి వేడిని పోనీయక నిలుపును.

దీపము నార్పరాదని పెద్దలందురు. అది దేవుని దీపమునకు తగిన మాట. ఎవరును లేని గదిలోని విద్యుద్దీపము నార్పుటయే శుభము.