స్వతంత్ర జీవనానికి ఇరుగుపొరుగు అండ

వయోవృద్ధులకైనా, దివ్యాంగులకైనా స్వతంత్రంగా జీవించడమంటే ఒంటరిగా జీవించడం కాదు. ఎక్కడ ఉండాలి, ఎవరి సహాయం తీసుకోవాలి అన్న నిర్ణయం తమ చేతిలో ఉండడమే స్వాతంత్ర్యం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 5వ సెక్షన్‌లో, సమాజంలో అందరితో కలిసి జీవించే హక్కును గుర్తించింది. ఫలానా చోటనే ఉండి తీరాలన్న నిర్బంధం లేకుండా, ఇంటివద్ద కూడా సహాయం అందేలా ప్రభుత్వాలు కృషి చేయాలని నిర్దేశించింది.

అయితే చట్టమిచ్చిన హక్కును గుమ్మం ముందున్న ఒక్క మెట్టు అడ్డగించగలదు. 15 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టుకు, 1:12 వాలు చొప్పున, 180 సెంటీమీటర్ల ర్యాంపు అవసరం. ఇరుగుపొరుగు కలిస్తే అది పెద్ద పని కాదు.

సహాయానికి ముందు అడగడం మర్యాద. చూపులేనివారిని చేయి పట్టి లాగరాదు. తోడు వచ్చినవారి మోచేతిని వారే పట్టుకొని నడుస్తారు.

నగరానికి వచ్చిన తెలుగు పెద్దలకు స్థానిక భాష రాకపోవడం మరో మెట్టు. ఆసుపత్రికో, బ్యాంకుకో తోడు వెళ్లినవారు వారి మాటను ఆ భాషలో చెప్పాలి; వారికి బదులుగా నిర్ణయించరాదు. సలహా కోసం వృద్ధులు 14567 ఎల్డర్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.